నా పేర ఉన్న ఒక్క చీటీ

సముద్రపు గోడ కట్టి నలభై ఒకటో ఏడు. జూలై 18. ఉదయం షిఫ్టు. ఆటు. పడమటి గాలి.

దక్షిణపు గుడిసె నుంచి పడవల రేవు దాకా గోడ విన్నాను. మెట్ల దగ్గర రాయిలో చప్పుడు ఉంది. నిన్న లేదు. ఎసరు కాగబోయే ముందు గిన్నె అడుగున సన్నగా మొదలవుతుందే, అలాంటి చప్పుడు. ఆ రాయి విప్పి చూడమని బోర్డుకు చీటీ రాశాను.

మామూలుగా అయితే ఈ పేజీ ఇక్కడితో అయిపోవాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ పుస్తకంలో నేను రోజుకు నాలుగు వరుసలకు మించి రాయలేదు. కానీ ఈరోజు చీటీ రాయడానికి ముందు గుడిసె తలుపుకు అంటించిన నోటీసు చదివాను. చీటీ మీద అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. ఇక ఈ పుస్తకం ఎవరూ చదవరని కూడా ఆ నోటీసులోనే తేలిపోయింది కాబట్టి, నాకు తోచిందంతా ఇందులోనే రాస్తాను.

ఇకపై గోడను వినే పని చీమలదట. చీమలంటే గోడ లోపలి సన్నటి గొట్టాల్లో తిరిగే యంత్రాలు. ఆ పేరు మేం పెట్టిందే. కర్రను గోడకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల నీళ్ళు కదులుతున్నాయేమో వినే మేము ఇక అక్కర్లేదు. బోర్డు కాగితాల్లో మా పేరు శ్రవణ తనిఖీదారులు. ఇంత గొప్ప పేరు మాకుందని నాకే ఎప్పుడూ గుర్తుండదు.

మాకు రెండు దారులు చూపించారు. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నంలోపు రాజీనామా మీద సంతకం పెడితే, గోడ లోపలి క్వార్టరు బతికినన్నాళ్ళూ మనదే. పెట్టకపోతే ఆ మధ్యాహ్నమే తొలగింపు. అప్పుడు ఇంటిల్లిపాదీ ఎత్తూరు శిబిరానికి పోవాలి, మళ్ళీ ఏ గోడ మీదా మన పేరు తీసుకోరు. కొత్త చీటీలు ఈ మధ్యాహ్నం నుంచే చెల్లవు.

అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. రాజీనామా చేసినవారి పేర ఉన్న చీటీలు వారితోపాటే మూసేస్తారు. తొలగించినవారి చీటీలు మాత్రం ఆ రాయి విప్పి చూశాకే మూయాలి. ఇది పాత నియమం. ఉత్తరపు గోడ తెగిన ఏడాది, చప్పుడుందని మొత్తుకున్న ఇద్దర్ని ఉద్యోగంలోంచి తీసేసి వాళ్ళ చీటీలు చించేశారు. నెల తిరక్కుండా సముద్రం లోపలికొచ్చింది. ఆ తర్వాత వచ్చింది ఈ నియమం. దాన్ని ఎత్తేయడం మర్చిపోయినట్టున్నారు.

ఇంకా మూయకుండా నా పేర ఉన్నది ఒక్కటే చీటీ, ఈ పొద్దున రాసినది.

పన్నెండింటికి వీరాస్వామి బాబాయికి గోడ అప్పగించాను. బాబాయి చుట్టం కాదు, నాకు ఈ పని నేర్పినవాడు. మా భాగానికి మిగిలింది మేమిద్దరమే. మా దగ్గర ఒక పద్ధతుంది. దిగేవాళ్ళు కర్ర పక్కన పడేసి వెళ్ళిపోకూడదు. ఎక్కేవాళ్ళు దాన్ని చెవికి పెట్టుకుని గోడను విని "విన్నాను" అనాలి. ఆ మాట అన్నవాళ్ళు, తర్వాతి మనిషి వచ్చి అదే మాట అనేదాకా గోడ దిగకూడదు. పెళ్ళయినా, పురుడైనా అంతే. బాబాయి తన పెళ్ళికే గంటన్నర ఆలస్యంగా వెళ్ళాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈరోజు బాబాయి మెట్ల దగ్గర చాలాసేపు విన్నాడు. "విన్నాను" అన్నాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

జూలై 20. పోటు.

బోర్డు నుంచి జవాబు వచ్చింది. "219వ రాయి. చీమలు మూడుసార్లు తనిఖీ చేశాయి. పొడి."

నేను మళ్ళీ వెళ్ళి విన్నాను. చప్పుడు ఉంది.

జూలై 21.

మెట్లు దిగితే మా గుమ్మమే. క్వార్టరు వెనక మడుగులో నా భర్త ఏడుకొండలు పీతలు పెంచుతాడు. ఈరోజు అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండా నన్నే చూస్తున్నాడు.

"సంతకానికి ఎప్పుడెళ్తున్నావ్?"

"చూద్దాం."

"చూడ్డానికేముందే? ఇల్లు ఉంచుతామంటున్నారు. కాదంటే ఎత్తూరు. అక్కడ మంచినీళ్ళకి కూడా లైన్లో నిలబడాలంట. నా పీతల్ని ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తిమీదా?"

"మెట్ల దగ్గర చప్పుడుంది."

"చీమలు లేదన్నాయిగా. మూడుసార్లు చూశాయన్నావు నువ్వే."

"నాకు వినపడుతోందయ్యా."

"నీకు నేను పిలిస్తే వినపడదు. గోడలో చీమ తుమ్మితే వినపడుద్ది."

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. కంచం తీసుకెళ్ళి బయట తిన్నాను. తర్వాత కాలు కాలిన పిల్లిలా ఇంటికీ గోడకీ మధ్య తిరిగాను. అసలు నా పని ఉదయం షిఫ్టే. సాయంత్రం నాలుగింటికి మెట్ల దగ్గర నాకేం పని? ఎక్కాను, విన్నాను, దిగాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఏడుకొండలు అడిగింది తప్పు కాదు. మేం ఆ ఇంట్లో కాపురం పెట్టి పంతొమ్మిదేళ్ళు. నాకూ ఎత్తూరు వెళ్ళాలని లేదు. అక్కడ సముద్రం వినపడదు.

జూలై 23.

బాబాయి సంతకం పెట్టేశాడు. తన కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆ కర్రను నన్ను తాకనివ్వలేదు.

"నువ్వు కూడా విన్నావుగా బాబాయ్," అన్నాను.

"విన్నాను."

"మరి?"

"మరేంటమ్మాయ్? మీ పిన్ని మంచం దిగి రెండేళ్ళైంది. ఎత్తూరు మెట్టల మీద ఆవిణ్ణి ఎవరు మొయ్యాలి? నువ్వొస్తావా?" తర్వాత మెల్లగా అన్నాడు. "అరవయ్యొకటి నాకు. ఈ చెవి నిజం చెప్తుందో, నా భయం చెప్తుందో నాకే తెలవట్లేదు. యంత్రానికి ఆ బాధ లేదు కదా."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. బాబాయి మీద కోపం రావడం నాకే కొత్త.

ఇప్పుడు నాకు అప్పగించేవాళ్ళు లేరు, నేను అప్పగించేవాళ్ళూ లేరు. పన్నెండింటికి కర్రలు రెండూ గుడిసెలో పెట్టి దిగాను. ఎవరో ఒకరు వెనక నుంచి పిలుస్తారని మెట్టుమెట్టుకూ ఆగాను.

జూలై 24.

సంతకం పెట్టేస్తాను. పొడి రాయి కోసం ఇల్లు పోగొట్టుకునేంత పిచ్చిదాన్ని కాదు.

జూలై 25.

పెట్టను.

జూలై 26. ఆటు.

మధ్యాహ్నం బోటులో బోర్డు తరఫున ఒకమ్మాయి వచ్చింది. పేరు మృదుల. ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో. ఉప్పుగాలికి జుట్టు మొహాన పడుతుంటే గోడ మీద భయంభయంగా నడిచింది. సంతకాలు పోగుచేయడం ఆమె పని.

"నాంచారమ్మ గారూ, ఈ భాగంలో మీరొక్కరే మిగిలారండి," అంది. "మీ చీటీ గురించి కూడా చూశాను. మీకు నమ్మకం కలగాలని మ్యాప్ తెచ్చాను. చూడండి, ఇవే చీమలు. రెండొందల పంతొమ్మిదో రాయి చుట్టూ అన్నీ ఎలా చేరాయో."

అరచేతిలోని తెర నా ముందు పెట్టింది. గోడ బొమ్మ, దాని మీద ఎర్రచుక్కల గుంపు. చుక్కలన్నీ పడవల రేవు పక్కన ఉన్నాయి. మెట్ల దగ్గర ఒక్కటి లేదు.

చీటీలో నేను వేసిన అంకె గుర్తొచ్చింది.

ఇది మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. నేను పనిలోకి రాకముందే దక్షిణపు కొసన ఏడు రాళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. బోర్డు ఆ ఏడింటినీ వదిలేసి, మిగిలిన గోడకు రంగుతో ఒకటి నుంచి కొత్త అంకెలు వేసింది. ఉప్పుకు ఆ రంగు ఏడాదికే రాలిపోయింది. మేం మాత్రం పాత అంకెలే పలుకుతాం. మెట్ల చోటు మా అందరి నోటా రెండొందల పంతొమ్మిదే. మా ఇంటికి దారి చెప్పాలన్నా అదే చెప్తాం. చీటీ రాసేటప్పుడు మాత్రం ఏడు తీసేసి రాయాలి. పనిలో చేరిన మొదటిరోజు బాబాయి నేర్పింది అదే, "నోట్లో ఎంతైనా ఉండనీ, కాగితం మీదకొచ్చేసరికి ఏడు తియ్." ఇరవై రెండేళ్ళు తీశాను. నోటీసు చదివిన పొద్దున తీయలేదు.

మెట్ల దగ్గరి రాయి 212. చీమలు ఎనిమిది రోజులుగా ఏ జబ్బూ లేని రాయి చుట్టూ తిరుగుతున్నాయి.

"మెట్ల దగ్గర చీమలు లేవేమండీ?" అని అడిగాను.

"అక్కడ ఇనుప మెట్లు లోపలిదాకా దిగేసి ఉన్నాయి కదా, గొట్టం వేయడం కుదర్లేదు. అటూ ఇటూ ఉన్న రాళ్ళను చూసి మధ్యది బాగుందని లెక్కేస్తాయి."

"చీటీలో అంకె తప్పు పడిందనుకోండి. దిద్దుకోవచ్చా?"

"దిద్దుకోవచ్చు. కానీ తప్పుడు చీటీ రాశానని ఒప్పుకుంటూ కాగితం ఇవ్వాలి. అది ఇస్తే ఇక రాజీనామా తీసుకోరు. నేరుగా తొలగింపే." నా వైపు చూసింది. "ఎందుకండీ?"

"ఊరికే."

"నోటితో చెప్తే మనుషుల్ని పంపరా?" అని మళ్ళీ నేనే అడిగాను.

"చీటీ లేకుండా ఏ రాయీ విప్పరండి. నా చేతిలో ఏం లేదు. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే."

ముప్పయ్యిన మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

జూలై 27.

ఎవరికీ చెప్పలేదు.

మొండికేసి నిన్నటిదాకా సంతకం పెట్టనని కూర్చున్నానా, అలాగే తొలగించి ఉంటే రేవు దగ్గర రాయి విప్పేవాళ్ళు. పొడిగా ఉందని నవ్వుకుని మూసేసేవాళ్ళు. ఇల్లూ పోయేది, మెట్ల రాయీ అలాగే ఉండేది. ఆ తెర నాకు చూపించకపోతే అదే జరిగేది.

భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. నా చెవి తప్పు చెప్పలేదు. చెయ్యి తప్పు రాసింది. ఈ పుస్తకాల్లో నా పేర ఎనిమిది వేల పేజీలు ఉంటాయేమో, వాటి చివర్న "తప్పుడు చీటీ రాసినందుకు తొలగింపు" అని ఉంటుంది. చీమలే మేలని చెప్పుకోవడానికి బోర్డుకు నాకంటే మంచి సాక్ష్యం దొరకదు. మూడు రోజులు నోరు మూసుకుంటే అందరూ నన్ను మంచి పనిమంతురాలనే అనుకుంటారు. ఇల్లు కూడా ఉంటుంది.

ఆ ఇల్లు ఉన్నది మెట్ల రాయి వెనకే. ఇది నాకు గుర్తులేక కాదు, గుర్తుంచుకోవాలని లేక.

సాయంత్రం మూడో మెట్టు పక్కన గోడ లోపలి వైపు అరచేయంత చెమ్మ కనిపించింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. వాన చెమ్మ చప్పగా ఉంటుంది.

జూలై 28.

ఏడుకొండలుకు చెప్పాను. మడుగు గట్టున బోను బాగుచేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను.

"ఇరవై రెండేళ్ళు పని చేసి, ఏడు తీసెయ్యడం రాలేదా నీకు?" అన్నాడు.

"రాలేదు."

లేచి వెళ్ళి నా కర్ర తీసుకున్నాడు. మా పెళ్ళైనప్పటినుంచి దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మెట్లెక్కి నేను చూపించిన చోట పెట్టి విన్నాడు. కర్ర తలకిందులుగా పట్టుకుంటే సరిచేశాను. కళ్ళు మూసుకున్నాడు.

"నాకేం వినపట్లా," అన్నాడు.

"ఊఁ."

"నీకిప్పుడు వినపడుతోందా?"

"ఆఁ. మొన్నటికంటే గట్టిగా."

కర్ర నా చేతికిచ్చి దిగిపోయాడు. అలిగాడనుకున్నాను. కాసేపటికి మడుగు వైపు నీళ్ళ చప్పుడైతే వెళ్ళి చూశాను. మొలలోతు నీళ్ళలో దిగి బోన్లు ఒక్కొక్కటే తలుపు తీసి పీతల్ని వదిలేస్తున్నాడు.

"ఎత్తూర్లో బతకవే ఇవి," అన్నాడు నన్ను చూడకుండా. "ఈ మడుగులోనే ఎక్కడో ఓ చోట బతకనీ."

నేనూ చీర ఎగ్గట్టి దిగాను. ఒక పీత నా బొటనవేలు పట్టుకుంది. "దానికి తెలుసు ఎవరివల్ల ఇల్లు పోతుందో," అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను ఏడ్చాను. తను బోన్లు కడుగుతూనే ఉన్నాడు.

జూలై 29.

నిన్న తేలికైన మనసు మళ్ళీ బరువెక్కింది. సామాను కడుతూ రెండుసార్లు విప్పేశాను. పొద్దున్నుంచి టీ నాలుగుసార్లు పెట్టి ఒక్కసారీ తాగలేదు. నేను విన్నది నిజం కాకపోతే? ఆ చెమ్మ ఏ అలో ఎగిసి తడిపినదైతే? బాబాయి అన్నట్టు నా భయమే నాకు వినపడుతుంటే?

ఈరోజు ఏడుసార్లు విన్నాను. ఏడుసార్లూ ఉంది. ఇది రాస్తూ కూడా ఎనిమిదోసారి వెళ్దామా అనుకుంటున్నాను.

జూలై 30. ఉదయం షిఫ్టు. పోటు. తూర్పుగాలి.

దక్షిణపు గుడిసె నుంచి పడవల రేవు దాకా గోడ విన్నాను. మెట్ల దగ్గర తప్ప అన్నిచోట్లా నెమ్మది.

పదకొండున్నరకు మృదుల వచ్చింది. నా పేరుతో అచ్చేసిన రాజీనామా కాగితం, పెన్ను ముందు పెట్టింది. కాగితం తిప్పి దాని వెనక రాశాను. "జూలై 18న నేను రాసిన చీటీలో అంకె తప్పు. 219 కాదు, 212. తప్పు నాదే. చప్పుడు నిజం. నేను రాజీనామా చేయడం లేదు. కొక్కిలిగడ్డ నాంచారమ్మ."

మృదుల రెండుసార్లు చదివింది. "ఇది తీసుకుంటే మీ ఇల్లు పోతుందండి," అంది. "ఇంకో కాగితం ఉంది నా దగ్గర. ఇది చూడలేదనుకుంటాను."

ఆ మాట మంచిమనసుతోనే అంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆ రెండో కాగితం వైపు వెళ్ళింది కూడా, దాచుకోవడమెందుకు.

"తీసుకోండమ్మా," అన్నాను.

కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, నా గోడ కార్డు అడిగింది. ఇచ్చాను. కర్రలు కూడా అడిగింది. అవి మాత్రం అలా ఇవ్వడం కుదరదన్నాను. పద్ధతి చెప్పాను. ఆమె వింటేగాని నేను గోడ దిగనన్నాను.

"నాకు పన్నెండున్నరకు బోటుంది, నాంచారమ్మ గారూ."

"అయితే తొందరగా వినండి."

విసుక్కుంటూనే చెప్పులు విడిచి మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బాబాయి కర్ర ఇచ్చాను. రెండో చెవిలో వేలు పెట్టుకోమన్నాను. పళ్ళు కలపొద్దన్నాను, కలిపితే మన చప్పుడే మనకు వినపడుతుంది. మొదట ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊపిరి మెల్లగా వదలమన్నాను. ఇంకాసేపు కూర్చుంది. ఊపడం ఆగిపోయింది. చెవిలోంచి వేలు తీయకుండానే నా వైపు కళ్ళెత్తింది.

"ఇది... లోపల నీళ్ళేనా?"

"ముందు మాట అనండి."

"విన్నాను," అంది.

ఎవరి నోటైనా ఆ మాట విని వారం రోజులైంది. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

తర్వాత మిగిలిన సగం పద్ధతి చెప్పాను. విన్నానన్నవాళ్ళు తర్వాతివాళ్ళు వచ్చేదాకా దిగకూడదని. మృదుల నా మొహం చూసింది, గోడ కింద మా ఇల్లు చూసింది, మూటల పక్కన నిలబడ్డ ఏడుకొండలును చూసింది.

"నా తర్వాత ఎవరూ లేరు కదండీ," అంది.

"రాయి విప్పేవాళ్ళున్నారు. మీరు పిలిస్తే వస్తారు. చీటీ ఉందిగా."

ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తో ఫోను తీసింది. అవతల ఎవరో ఏదో అంటున్నారు. "లేదు సార్, బోటు వెళ్ళిపోనీండి. నేను దిగలేను. దిగకూడదంట," అంటోంది. రేవులో బోటు రెండుసార్లు కూత వేసింది. ఆమె కదల్లేదు.

ఈ వరుసలన్నీ ఆమె పక్కన కూర్చునే రాశాను. ఇక పుస్తకం ఆమెకు ఇచ్చి దిగుతున్నాను. కింద ఏడుకొండలు తొందరపెడుతున్నాడు. అప్పగించాను.

జూలై 30. మధ్యాహ్నం షిఫ్టు. పోటు.

212వ రాయి. చప్పుడు ఉంది.

మనుషుల్ని పంపమన్నాను. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

మృదుల